యేసురత్నం పాడాల్సిన పాట

ఇన్నేళ్లుగా ఒక పాట నా గొంతుకి అడ్డం పడి ఉంది. పాడలేను. మరిచిపోలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజుల్లో సింగపూర్ వచ్చాను. ఆఫీసు పాయా లేబర్ అనే పేటలో. ఆదివారం సాయంత్రాలు సెరంగూన్‌లోని ఒక చర్చిలో తెలుగు ఆరాధన. అక్కడే యేసురత్నం పరిచయం. టెక్కలి వైపు మనిషి, షిప్‌యార్డులో వెల్డింగ్ పని. అతను ఇక్కడికొచ్చాక ఊళ్లో కూతురు పుట్టింది. ఇంట్లోవాళ్లు అతని ఫొటో చూపిస్తే ఆ పిల్ల, ఇది నాన్న కాదు, బొమ్మ అనేదట. నవ్వుతూ చెప్పేవాడు, మధ్యలో ఆగిపోయేవాడు.

ఆ ఏడు చర్చివాళ్లు క్రిస్మస్‌కి చిన్న సినిమా తలపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ఇక్కడ జపాను వాళ్ల చెరలో ఉన్న సైనికులు చేసుకున్న క్రిస్మస్ కథ. తీసింది మేరీ ఆంటీ, ఇక్కడే పుట్టి పెరిగిన రిటైర్డ్ టీచరు, తెలుగు అంతంత మాత్రం. యుద్ధం సినిమాలన్నిటా తెల్లదొరలేనా అని ఆవిడ కోపం. చైనీస్ నర్సు, మలయ్ డ్రైవరు, తెలుగు సిపాయి, అందరూ ఉండాలంది. సిపాయి తన భాషలోనే పాడాలంది. యేసురత్నం చర్చి మెట్ల మీద కూర్చుని వాళ్లమ్మ కట్టిన క్రిస్మస్ పాట పాడాడు. ఆంటీ ఇంకెవరినీ వెతకలేదు. ఆవిడకి అర్థం చెప్పడం కోసం ఆ పాట నేనూ నేర్చుకున్నాను. సినిమా సీడీ ఊరికి పంపిస్తానని, కదిలే నాన్నని పాప చూస్తుందని అతను ఎన్నిసార్లు అన్నాడో.

షూటింగుకి ముందు తెలిసింది, సినిమా చూడ్డానికి మా మేనేజరు కుటుంబంతో వస్తున్నాడని. తెర మీద యేసురత్నాన్ని చూసి, మీ ఊరివాడా అని అడిగితే? ఆదివారాలు లిటిల్ ఇండియా గడ్డి మీద గుంపులుగా కూర్చునే కూలీలతో నన్నూ కలిపేస్తాడని భయపడ్డాను. భయమేనా అది? కాదు, సిగ్గు. నావాళ్లంటే నాకు సిగ్గు. తెలుగువాడంటే నాలా ఉండాలనుకున్నాను, అదీ చెరలో ఎముకలు తేలిన సిపాయి వేషానికి.

అతనికి షిప్‌యార్డులో సెలవు దొరకలేదట అని ఆంటీతో చెప్పాను. ఆ సీను తీసేశారు అని అతనితో చెప్పాను. వేషం నేను వేశాను. పాటా నేనే పాడాను.

ప్రదర్శన రోజు అతనికి డ్యూటీ అనుకున్నాను. వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. మేనేజరు నాకు షేక్‌హ్యాండిచ్చి వెళ్లాక దగ్గరికొచ్చాడు.

"బాగా పాడినారు బాబూ," అన్నాడు. "నాకో సీడీ ఇప్పించండి."

"అందులో నువ్వు లేవు కదా, రత్నం?"

"నాను లేకపోతే ఏటి, పాట మాదే కదా. ఇంటికాడ మాయమ్మ పాడతాది. పాప పోల్చుకుంటాది."

నా మొహంలోకి చూడకుండానే అన్నాడు. సీను తీసేశారన్నది అబద్ధమని చూశాడు, ఎందుకు ఆడానో కూడా తెలిసిపోయిందా? అడగలేదు. సీడీ ఇచ్చాను. ఆ తర్వాత అతను ఆరాధనకి రావడం మానేశాడు. ఎక్కడికి వెళ్లాడో కనుక్కోవడం కష్టం కాదు. నేనే కనుక్కోలేదు.

డిసెంబరు వస్తే ఆ గొంతు వినాలనిపిస్తుంది. చివరి చరణం ముందు కాస్త ఆగి ఊపిరి తీసుకునేవాడు. నేను ఆగలేదు, గబగబా పాడేశాను. నా దగ్గరున్న సీడీలో నేనే ఉన్నాను. దాన్ని పెట్టుకుని ఏం చేసుకోను? ఒక్కసారి, ఆ మెట్ల మీద, అతని పక్కన కూర్చుని వింటే చాలు.

ఎప్పుడూ ఒకటే ఆలోచన. ఆ ఊళ్లో టీవీ ముందు కూర్చోబెట్టి ఉంటారు పాపని. నానమ్మ పాట మొదలై ఉంటుంది. తెర మీద ఒక మనిషి కదులుతూ పాడుతున్నాడు. అది నేను. ఆ పిల్ల నన్ను చూసి నాన్నా అందేమో.

ఆ వేషం యేసురత్నానిది. నేను దొంగిలించాను. ఇన్నాళ్లకి ఈ మాట పైకి అన్నాను.