నేనెక్కని కొండలు

కెనడాలోని సర్రీలో చదువుకునే ఆ రోజుల్లో, ఎవరు ఏ సంగతి మొదలుపెట్టినా దాన్ని పూర్తి చేసేదాన్ని నేనే. అది నా తెలివనుకునేదాన్ని. నాతో పాటు బేస్‌మెంట్‌లో అద్దెకున్న అమ్మాయి దానికి వేరే పేరు పెట్టింది గానీ, అది ఇక్కడ రాయలేను. ఇప్పుడు ముప్ఫైకి దగ్గరపడ్డాను. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గురించి ఎవరికైనా చెప్పాలంటే ముందు నవ్వొస్తుంది, చెప్పడం సగమయ్యేసరికి చెవులు వేడెక్కుతాయి. అయినా చెబుతాను, మీరు నా వాళ్ళే కదా.

ఆ అమ్మాయిది వరంగల్. నేను తనని వరంగల్ అనేదాన్ని, తను నన్ను భీమవరం అనేది. కాలేజీ, కాఫీ షాపులో పార్ట్‌టైమ్, తక్కిన సమయమంతా వాన. ఆ ఊళ్ళో అక్టోబర్‌లో పట్టుకున్న వాన ఏప్రిల్‌కి గానీ వదలదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఫోన్‌లో నాకో జపాన్ కార్టూన్ సీరియల్ దొరికింది. నలుగురు స్కూలు ఆడపిల్లలు కొండలెక్కుతారు. కథంతా అంతే. విలన్ లేడు, పెళ్ళి లేదు. బ్యాగు సర్దుకోవడమే ఒక ఎపిసోడ్, బూట్లు కొనుక్కోవడం ఇంకో ఎపిసోడ్. శిఖరం మీదికి చేరాక చిన్న స్టవ్ వెలిగించి నూడుల్స్ వండుకుని, కింద మేఘాలు చూస్తూ కళ్ళు తుడుచుకుంటారు. దుప్పట్లో కూర్చుని నేనూ తుడుచుకునేదాన్ని. మొత్తం రెండుసార్లు చూశాను. అది చాలక లైబ్రరీ నుంచి ఆ బొమ్మల పుస్తకాలు కూడా తెచ్చుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి బ్యాగులో బరువైనవి ఎక్కడ పెట్టాలో, దిగేటప్పుడు అడుగు ఎలా వెయ్యాలో, మంచు కమ్మితే ఏం చెయ్యాలో అన్నీ వచ్చేశాయి. ఎక్కడం ఒక్కటే మిగిలింది.

మా తెలుగు చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలుండేవి. వృద్ధాశ్రమంలో నర్సుగా చేసే ఒక ఆంటీ ప్రతివారం పులిహోర తెచ్చేవారు కాబట్టి మాకందరికీ ఆవిడ పులిహోర ఆంటీ. ఆవిడ కూతురు బుజ్జికి పన్నెండేళ్ళు. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్పేది, అదీ రెండు మాటల్లో. ఒక ఆదివారం ఎవరో, "ఈ సమ్మర్‌లో అందరం కలిసి ఏదైనా కొండ దగ్గరికి పిక్నిక్ వెళ్దామా?" అన్నారు. నేను ఊరుకోవచ్చు కదా. "కొండ దగ్గరికి వెళ్ళి పిక్నిక్ ఏంటండీ, ఎక్కాలి గానీ! ఇండియాలో నేను రెగ్యులర్‌గా ఎక్కేదాన్ని" అన్నాను.

పక్కనున్న అంకుల్ ఒకాయన పెరుగన్నం కలుపుతూ ఆగారు. "భీమవరంలో కొండెక్కడిదమ్మా?"

న్యాయమైన ప్రశ్న. మా వైపు నేలకన్నా ఎత్తుగా ఉండేవి చేపల చెరువుల గట్లూ, వాటర్ ట్యాంకూ. ఆ ట్యాంకు కూడా నేనెక్కలేదు. "అరకు అంకుల్. సెలవులకి పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఫ్రెండ్స్‌తో" అన్నాను. (పెద్దమ్మ ఉన్న మాట నిజమే. ఆవిడది అనకాపల్లి. మోకాళ్ళ నొప్పులు, మేడ కూడా ఎక్కదు.) అక్కడితో ఆపినా బాగుండేది. నలుగురం ఎక్కుతుంటే దారిలో మంచు కమ్మేసిందనీ, మిగిలిన ఒక్క చాక్లెట్ ముక్కని నాలుగు చేసి పంచుకున్నామనీ, తెల్లారి చూస్తే మేఘాలు మా పాదాల కింద సముద్రంలా ఉన్నాయనీ చెప్పాను. పులిహోర ఆంటీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. బుజ్జి మాత్రం చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకుంది.

తర్వాత ఆంటీ నన్ను పక్కకి పిలిచారు. "ఏడాదిగా కొండెక్కుతానని ఒకటే గోలమ్మా ఇది. స్కూలు వాళ్ళు క్యాంపుకి తీసుకెళ్తామన్నా నేను పంపలేదు. ఉన్నది ఒక్కతి, నాకు భయం. నువ్వు తెలిసినదానివి కదా, నీతో అయితే పంపిస్తాను."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. "పాప బాధ్యత నాది ఆంటీ" అన్నాను.

జూన్‌లో ఒక శనివారం ఆంటీయే కారు డ్రైవ్ చేసి మమ్మల్ని గంట దూరంలోని సరస్సు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. నేనూ, వరంగలూ, బుజ్జీ ఎక్కడం మొదలుపెట్టాం. నా బ్యాగులో స్టవ్వు, గిన్నె, నూడుల్స్, కప్పులు, ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా మోగించే ఒక గంట ఉన్నాయి. రెయిన్ జాకెట్ లేదు, ఎండ కాస్తోంది కదా అని ఇంట్లో వదిలేశాను. అరగంట నడిచేసరికి ఆ గిన్నె నా వీపులో ప్రతి ఎముకనీ విడివిడిగా పలకరించింది. అయినా ఆయాసం బయటికి కనపడకుండా ఆగినచోటల్లా, "ఇక్కడ వ్యూ చూడండి" అంటూ వచ్చాను. చెట్లు తప్ప ఏమీ లేని చోట కూడా అన్నాను.

ఒకచోట దారి రెండుగా చీలింది. బోర్డు ఎడమకి చూపిస్తోంది. కుడివైపు దారి కొండ వెన్ను మీదుగా పోతున్నట్టు కనిపించి, కార్టూన్‌లో పిల్లలు నడిచిన దారిలాగే ఉందనిపించింది.

"బోర్డు గటు చూపిస్తున్నది కదనే" అంది వరంగల్.

"బోర్డులు టూరిస్టుల కోసం" అన్నాను.

ఇంకో అరగంటకి దారి సన్నబడింది, తర్వాత లేకుండా పోయింది. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మంచు నిజంగానే కమ్మింది, సన్నగా జల్లు కూడా మొదలైంది. మేము తడి రాళ్ళున్న ఒక ఏటవాలు మీద ఉన్నాం. కిందికి ఎంత లోతుందో తెలియదు, తెల్లగా ఉందంతే. అప్పుడు నా గురించి నాకే తెలియని సంగతొకటి బయటపడింది. నాకు ఎత్తంటే భయం. ఒక చెట్టు వేరుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ఏడ్చాను కూడా. కార్టూన్ పిల్లల్లా అందంగా కాదు, ముక్కు కారేలా.

వరంగల్ నన్ను చూసి, పైకి చూసి, "ఇగ ఎవరన్న వింటరేమో" అని బతుకమ్మ పాట ఎత్తుకుంది. గొంతెత్తితే వాళ్ళ వాడంతా వినిపించే గొంతు తనది.

బుజ్జి నా పక్కకి వచ్చి కూర్చుంది. "అక్కా, లుక్ ఎట్ మీ. రెండు కాళ్ళు, ఒక చెయ్యి. ఒకటే మూవ్ చెయ్యాలి. త్రీ పాయింట్స్. ఎపిసోడ్ సిక్స్‌లో ఉంది కదా?"

ఏడుపు ఆగిపోయింది. "నీకు తెలుసా?"

"చాక్లెట్ ఈజ్ ఎపిసోడ్ ఫోర్" అంది చాలా మామూలుగా.

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"చెప్తే పంపించదు కదా." తల దించుకుని, "ఆ షో చూసేవాళ్ళు నాకింకెవరూ తెలీదు. ఐ వాజ్ హ్యాపీ" అంది.

వరంగల్ పాట విని మంచులోంచి ముగ్గురు పంజాబీ బామ్మలు దిగివచ్చారు. సల్వార్ కమీజులు, తెల్ల స్పోర్ట్స్ బూట్లు, చేతుల్లో కర్రలు. రోజూ నడిచే వాళ్ళట. అసలు దారి మాకు నాలుగు బారల పైనే ఉందట. డెబ్భై దాటిన ఒకావిడ నా బ్యాగు ఎత్తి చూసి, "పుత్తర్, ఇందులో వంటిల్లుందా?" అని హిందీలో అడిగి, తన భుజానికి తగిలించుకున్నారు. ఇంకొకావిడ నా చెయ్యి పట్టుకున్నారు. నా ముందు బుజ్జి, "ఇక్కడ కాలు పెట్టు, ఇప్పుడు ఇక్కడ" అని చూపిస్తూ దిగింది. కొండంతా అలాగే దిగాను.

ఇంతవరకూ చెప్పినదాన్ని ఎవరికైనా నవ్వుతూ చెప్పగలను. దీని తర్వాతది కష్టం.

మేము మూడు గంటలు ఆలస్యం. చివరి మలుపులో బామ్మలు వాళ్ళ కారు వైపు వెళ్ళిపోయారు. ఆంటీ ఒడ్డున అటూ ఇటూ నడుస్తున్నారు, పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. మమ్మల్ని చూడగానే పరిగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా? ఎందుకింత ఆలస్యం?" అని అడిగారు. నన్నే అడిగారు. నా మీద పెట్టుకున్న నమ్మకమంతా ఆ మొహంలో ఉంది. అది పోతుందేమోనని భయమేసింది.

"ఏం లేదాంటీ. పైన బుజ్జి కొంచెం భయపడింది. నెమ్మదిగా దింపుకొచ్చాం" అన్నాను.

బుజ్జి నా వైపు చూసింది. వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. ఆంటీ దారి పొడుగునా, "నీకు అప్పుడే చెప్పానా లేదా? ఇంక కొండా లేదు, గిండా లేదు" అంటూనే ఉన్నారు. మధ్యలో నా వైపు తిరిగి, "నువ్వుండబట్టి సరిపోయిందమ్మా" అన్నారు. వరంగల్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇంటికెళ్ళాక ఒక్క మాట అంది. "చిన్నపోరి మీద పెడ్తవానే?" ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం బుజ్జి ఆరాధనకి రాలేదు. ఒంట్లో బాగాలేదన్నారు. ఆంటీ నా ప్లేట్‌లో అందరికన్నా ఎక్కువ పులిహోర వడ్డించారు. ఆ సాయంత్రం బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో నిలబడి అరకు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆంటీ నవ్వుతారేమో, పోనీలే అంటారేమో అని లోపల చిన్న ఆశ ఉండేది. ఆవిడ నవ్వలేదు.

"అబద్ధమాడావు సరే. పన్నెండేళ్ళ పిల్ల మీద పెట్టడానికి నోరెలా వచ్చిందమ్మా?" అన్నారు. ఆవిడ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, వేరే గొంతుతో అడిగారు. "అయితే అది భయపడలేదా?"

"లేదాంటీ. తనే నన్ను దింపింది."

ఆంటీ నన్నక్కడే వదిలేసి బుజ్జి గదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

రెండు వారాల తర్వాత తల్లీకూతుళ్ళిద్దరూ ఆ పంజాబీ బామ్మలతో కలిసి అదే కొండెక్కారని సంఘంలో విన్నాను. నన్ను పిలవలేదు. పిలవకపోవడమే సబబు.

బుజ్జి ఇప్పుడు యూనివర్సిటీలో ఉంది, నాకన్నా పొడుగు, సెలవులన్నీ కొండల మీదే. నిరుడు ఎండాకాలం తనే ఫోన్ చేసి, "అక్కా, వస్తావా?" అంది. వెళ్ళాను. సగం దాకా ఎక్కి ఒక రాయి మీద కూర్చున్నప్పుడు నాకొక సంగతి తట్టింది. ఆ రోజు ఆంటీని క్షమించమన్నాను, దేవుణ్ణి చాలాసార్లు క్షమించమన్నాను, వరంగల్‌ని బతిమాలుకున్నాను. బుజ్జిని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగాను.

తను నీళ్ళ సీసా మూత బిగిస్తూ ఆలోచించింది. "ఐ వాజ్ సో మ్యాడ్, అక్కా. నెలన్నర ఆ షో చూడలేదు తెలుసా? పెట్టగానే నువ్వు గుర్తొచ్చేదానివి." చెప్పి నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను. అంత చిన్న పిల్లకి అంత ఇష్టమైనదాన్ని నెలన్నర దూరం చేశాను, ఎందుకోసమో ఇప్పుడు వెతికినా దొరకదు.

"ఇంకా పైకి వస్తావా?" అని అడిగింది.

"రాను. భయంగా ఉంది" అన్నాను.

"ఓకే, ఇక్కడే ఉండు" అని తను చెట్ల మధ్యలోంచి ఎక్కిపోయింది. భయమన్న ఆ ఒక్క మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టినందుకు కాస్త సిగ్గుపడుతూ, కాస్త నవ్వుకుంటూ, తను దిగివచ్చే దాకా ఆ రాయి మీదే కూర్చున్నాను.