షట్టర్‌కి పెట్టిన పాత బైకు లింకు

ఏళ్లుగా ఒక ఇనప ముక్క నా గొంతుకు అడ్డం పడి ఉంది. వేలిగోరంత ఉంటుంది. ఇవాళ నీకు చెప్పేస్తాను. ఓదార్చకు, ఒళ్లు మండుతుంది.

నేను షట్టర్లు బాగుచేస్తాను. అమీర్‌పేటలో ఒక బట్టల దుకాణం వాళ్లు మోటారు షట్టర్ చైన్ తెగిందని పిలిచారు. చైన్ రెండు చివరలనూ కలిపే లింకు కొత్తది వేయాలి. బైకు చైన్ ఒకవైపే తిరుగుతుంది, దాని లింకుకు చిన్న క్లిప్పు చాలు. షట్టర్ చైన్ రెండువైపులా తిరుగుతుంది, బరువంతా దాని మీదే వేలాడుతుంది. అక్కడ పిన్ను చివర కొట్టి మూసేసే లింకే వేయాలి. నాకు తెలియదా? బాగా తెలుసు.

కానీ ఆ ఓనరు గిరాకీల ముందు నన్ను దొంగ అన్నాడు. కిందటిసారి పాత సామాను వేశానట. దేవుడి సాక్షిగా వేయలేదు. నా రక్తం ఉడికిపోయింది. దొంగ అన్నావుగా, చూడు అనుకుని, డబ్బాలో పడి ఉన్న పాత బైకు లింకు తీసి, సాగిపోయిన క్లిప్పుతోనే బిగించాను. ఊడుతుంది, వాడే కాళ్లబేరానికి వస్తాడనుకున్నాను. ఊడినప్పుడు కింద ఎవరుంటారని ఒక్క క్షణమైనా ఆలోచించానా?

ఉన్నది ఓనరు కాదు. పొద్దున్నే షట్టర్ లేపి వాకిలి ఊడ్చే సుజాతక్క. ఎప్పుడు వెళ్లినా నాకు చాయ్ తెప్పించే మనిషి. షట్టర్ ఆమె పాదం మీద పడింది.

పంజాగుట్టలో ఆసుపత్రికి వెళ్లాను. జాలితోనా, నా పేరు బయటికొచ్చిందేమో చూసుకోవడానికా? రెండోదే.

“తమ్మీ, నేనే బటన్ ఆగమాగం నొక్కిన అంటుండు ఓనరు. నిజంగ నాదే తప్పా?”

నేను ఆమె ముఖం చూడలేదు.

“గట్ల మస్తుసార్లు నొక్కితే చైన్ ఏం ఆగుతదక్కా?”

“ఇంకెవ్వరి మీద పడలే, దేవుడే కాపాడిండు” అంది.

నేనన్నది ఆమె నోటే విని, ఆ మాట పట్టుకుని ఓనరు ఆమెను పనిలోంచి తీసేశాడు. నన్ను దొంగ అన్నవాడు ఆ ఒక్క మాట మాత్రం నమ్మాడు! వాడి మీద కోపం ఇంకా చల్లారలేదు. నా మీద అంతకన్నా ఎక్కువ.

ఇప్పుడామె కుంటుతూ యూసుఫ్‌గూడలో ఇళ్లల్లో పనిచేస్తోంది. మొన్న ఒక అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర కనిపించింది.

“నువ్వే నొక్కు తమ్మీ, నా చెయ్యి మంచిది గాదు” అంది నవ్వుతూ.

నొక్కాను. ఇద్దరం ఎక్కాం. ఆమె మూడో అంతస్తులో దిగిపోయింది. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నాను. ఆమె చెయ్యి మంచిదే. ఊడుతుందని తెలిసే ఆ లింకు పెట్టింది నేను.