పురుగు వాటా

ఈ పొద్దున కాబేజీ ఆకు తిరగేసేసరికి వేళ్లకు చెమ్మ తగిలింది. పురుగు పెంట. కుళ్లిన కూరాకు వాసన. రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా, కాఫీ గ్లాసు నోటి దగ్గరకు తెచ్చుకుంటే మళ్లీ అదే. మోకాళ్లు వంగవు, కళ్లజోడు జారిపోతుంది, పచ్చటి ఆకు మీద పచ్చటి పురుగు ఎంతకీ కనబడదు. ఎందుకీ పాట్లు, బజార్లో దొరకవా అని మావారు రోజూ అడుగుతారు. దొరుకుతాయి. ఆయనతో వాదించే ఓపిక కూడా ఈమధ్య తగ్గింది. ఆ వాసన తగిలితే మాత్రం నూకాలప్ప గుర్తొస్తుంది.

మావారి స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి, సబ్బవరం దగ్గర ఈ కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. పక్కిల్లు నూకాలప్ప కొడుకుది. ఆవిడ సముద్రపొడ్డు మనిషి. నలభై ఏళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. ఇక్కడికి వచ్చిన వారానికే నా పెరట్లోకి దూరింది. అడగలేదు. తెల్లవారగానే పాత రేకు డబ్బా ఒకటి పట్టుకుని వచ్చి, కాబేజీ ఆకులు ఒక్కొక్కటే తిరగేసి పురుగులు ఏరి, తీసుకెళ్లి తన కోళ్లకు వేసేది.

ఒకరోజు చూస్తే మడి చుట్టూ ఆవాలు మొలిచి ఉన్నాయి. ఇదేమిటంటే, పురుగుకి ఆవ ఆకంటే ప్రాణమట, అది అక్కడ మేస్తుంటే కాబేజీ బతుకుతుందట. నేను బోటనీ చదివినదాన్ని. పురుగులను మేపడానికి నేను నీళ్లు మోయాలా అని గట్టిగానే దులిపాను. ఆవిడ చెయ్యి ఆపలేదు.

“ఒడ్డుకి సేపొస్తే పడవకో వాటా, వలకో వాటా, మనిసికో వాటా తీస్తాం. పురుక్కి లేదేటి?”

“వల పనిచేస్తుంది అప్పా. పురుగు ఏం చేస్తుంది?”

“తింటాది. నువ్వెట్టకపోతే అదే తీసీసుకుంటాది.”

ఆ వాదన నేను గెలవలేదు. ఓడిపోయానని ఒప్పుకోనూ లేదు.

ఆ ఏడు చలికాలం ముసురు పట్టి పురుగు విపరీతంగా పడింది. ఆవ ఆకులకు ఈనెలే మిగిలాయి. తర్వాత కాబేజీ మీద పడింది. నీ వాటాదారుకి వాటా చాలలేదప్పా అని దెప్పాను. ఇంకో రెండు రోజులు ఏరుదాం, తగ్గుతుందని ఆవిడ అంది. నాకు విసుగొచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ కోడలిని తీసుకుని ఆసుపత్రికి వెళ్లినప్పుడు, కొట్లో మందు తెచ్చి పెరడంతా కొట్టేశాను. ఆవిడకు చెప్పలేదు. మరిచిపోయి కాదు. చెబితే మళ్లీ వాదించాలి.

మర్నాడు నేను ఆలస్యంగా లేచాను. అప్పటికే ఆవిడ వచ్చి, ఎప్పటిలాగే ఏరి, కోళ్లకు వేసింది. మధ్యాహ్నానికి గోడవతల నాలుగు పెట్టలూ పడిపోయాయి. వాటి గుడ్లన్నీ అయిదో నెల కడుపుతో ఉన్న ఆ కోడలికే.

నూకాలప్ప వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆవిడ నోరు తెరవకముందే నేను మొదలుపెట్టాను. నా పెరడు, నా ఇష్టం. నా మొక్కల మీద చెయ్యి వెయ్యమని ఎవరు పిలిచారు? మందు వాసన కూడా తెలియలేదా? అన్నేళ్లు చేపల తట్ట మోశాక తన ముక్కు ఇంకే వాసనా పట్టదని ఆవిడే ఓసారి నవ్వుతూ చెప్పింది. అది తెలిసే అన్నాను. నా మాటలన్నీ అయ్యేదాకా ఆవిడ ఆగింది.

“కోళ్ల గురించి రాలేదు నాను. నిన్న నువ్విచ్చిన తోటకూర మందుకి ముందు కోసిందా, తరవాతా? కోడలు తినీసింది.”

మధ్యాహ్నం కోశాను, సాయంత్రం కొట్టాను. ఆ మాటే రెండు మూడుసార్లు చెప్పాను. నిజమేనా అని ఆవిడ అడగలేదు, నా మొహంలోకి చూసిందంతే. అడిగి ఉంటే బాగుండేది. మెట్టు మీద కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుని, కాసేపటికి లేచి కోళ్లను పూడ్చడానికి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారగానే, వెయ్యడానికి కోళ్లు లేకపోయినా, మళ్లీ డబ్బాతో వచ్చింది. కానీ గేటు దగ్గరే ఆగింది.

“ఇయ్యాల కొట్టావేటి?”

“లేదప్పా.”

అప్పుడు లోపలికి వచ్చింది. ఆ తర్వాత నేను మందు కొననే లేదు. అయినా ఆవిడ మంచాన పడేదాకా, మూడేళ్లపాటు, రోజూ పొద్దున ఆ ప్రశ్న, నా జవాబు, ఆ తర్వాతే గేటు తీయడం. దెప్పినట్టు ఉండేది కాదు. పడవ దించే ముందు సముద్రం వైపు చూసుకున్నట్టు అడిగేది. దానికన్నా జుట్టూ జుట్టూ పట్టుకున్నా నయమే. పోట్లాటైతే ఎలా ముగించాలో నాకు తెలుసు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. అప్పుడు కోడలి కడుపులో ఉన్న మనవరాలు బళ్లో చేరింది. ఇప్పుడు నా పెరట్లోంచి ఎవరికి గుప్పెడు ఆకు కోసిచ్చినా, మందు కొట్టలేదని ముందే చెబుతాను. కొందరు గొప్పలు చెప్పుకుంటున్నానని నవ్వుకుంటారు. వాళ్లేమీ అడగలేదుగా అని మావారు విసుక్కుంటారు. అడగరు. గుమ్మంలో నిలబడి అడగాల్సిన అవసరం ఇంకెవరికీ రాకూడదనే, ఆకు చేతిలో పెట్టకముందే చెబుతాను.