కొత్త వార్డుకొచ్చిన మెషిన్

మా దవాఖానా విస్తరణకు సర్కారు నిధులు మంజూరయ్యాయని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టినప్పుడు బస్తీలో నేనొక్కడినే నమ్మలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పునాదైనా తవ్వకముందే ఆ బొమ్మలో పెద్ద మేడ, మేడ ముందు పచ్చిక, దాని మీద నవ్వుతూ నడిచే తెల్లవాళ్లు కూడా ఉన్నారు. ఉప్పల్ నుంచి నాచారం పోయే ఈ దారిలో పచ్చిక ఎక్కడుందో చూపించమని టీకొట్టు దగ్గర అందరినీ అడిగాను.

"అనుమానం పుట్టినంకనే నువ్వు పుట్టినవ్," అంది నా భార్య.

ఆమెకు నమ్మాలని ఉంది. కిడ్నీలు పని మానేశాక వారానికి మూడుసార్లు ఆమెను ఆటోలో సిటీ అవతల ఉన్న పెద్దాసుపత్రికి డయాలసిస్‌కు తీసుకెళ్తున్నాను. తిరిగొచ్చేటప్పుడు మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడల్లా ఆమెకు వాంతి వస్తుంది. కొత్త నిధులతో మా దవాఖానాలోనే డయాలసిస్ వార్డు పెడతారట. ఇంటి నుంచి రెండు సందులు దాటితే చాలు. పైకి ఒప్పుకోలేదు గానీ నేనూ రోజూ ఆ రెండు సందుల్నే తలుచుకునేవాణ్ణి.

నా అనుమానం ఊరికే వచ్చింది కాదు. రిటైరయ్యేదాకా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేశాను. ఆడిట్ వాళ్లు వస్తున్నారంటే ఒక షెడ్డులోని మంటలార్పే సిలిండర్లు ఇంకో షెడ్డుకు నడిచిపోయేవి. వాళ్లు చూసి వెళ్లగానే మళ్లీ వెనక్కి. గోడలకు మాత్రం కొత్త రంగు పడేది. ఇప్పటికీ తాజా పెయింటు వాసన వస్తే, పాపం ఇవాళ ఎవరిని మోసం చేస్తున్నారో అనుకుంటాను.

కట్టడం మొదలయ్యాక, పొద్దున్నే పాలప్యాకెట్ కోసమని బయలుదేరి అటు చుట్టి వచ్చేవాణ్ణి. గోడలకు నీళ్లు కొడుతున్నారా లేదా చూసేవాణ్ణి. సిమెంటు గోటితో గీకేవాణ్ణి.

"ఏంది పెద్దాయనా, నీ ఇల్లా ఇది?" అని మేస్త్రీ విసుక్కున్నాడు.

"నాదే," అన్నాను. గోడ గట్టిగానే ఉంది. దాంతో నాకు ఇంకా అనుమానం పట్టుకుంది.

ప్రారంభోత్సవం రోజే నా భార్య డయాలసిస్ వంతు కూడా. కానీ ముందురోజు పెద్దాసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మెషిన్ రిపేరులో ఉందనీ, ఒకరోజు ఆగి రమ్మనీ చెప్పారు. తెల్లారేసరికి ఆమె పాదాలు ఉబ్బాయి. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని, ఆయాసపడుతూనే నన్ను పంపింది.

"పోయి సూసి రా. మంచి సూడు, వంకలు వెతకకు."

కొత్త వార్డంతా బంతిపూలు, పెయింటు వాసన. నాయకుడు రిబ్బను కత్తిరించాడు, ఫొటోలు తీశారు, జనం చప్పట్లు కొట్టారు. అందరూ టిఫిన్ల వైపు కదిలాక నేను మెషిన్ల దగ్గరికి వెళ్లాను. మూలనున్న మెషిన్ పక్కన, కిందివైపు, మెరూన్ రంగు బొట్టుబిళ్ల అంటుకుని ఉంది.

ఆడవాళ్లు స్నానానికి పోతూ బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటిస్తారు కదా. నా భార్య డయాలసిస్‌కు పడుకునే ముందు మెషిన్‌కు అంటిస్తుంది. లేచేటప్పుడు నీరసంలో చాలాసార్లు మరిచిపోతుంది. ఆమె పెట్టుకునేదీ ఇదే మెరూన్ రంగు.

"సిస్టర్, ఇది యాడికెల్లి వచ్చింది?" అని అక్కడున్న నర్సును అడిగాను.

"కొత్తదే అంకుల్. పాతదని ఎవరన్నరు?" అంది. పాతదని నేను అననే లేదు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆమె పని.

"దీని మీద నా భార్య బొట్టుంది బిడ్డా."

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "జర మెల్లగ అంకుల్. నిధులు బిల్డింగుకే వచ్చినయ్, మెషిన్లకు రాలే. ఫొటోల కోసం గా పెద్దాసుపత్రి నుంచి అడిగి తెచ్చిన్రు. ఇంకెవరో పెద్దసారు సూడనీకి వస్తడంట, గప్పటిదాక ఉండనియ్యమన్నరు."

అంటే రేపు కూడా నా భార్యకు మెషిన్ లేదు. నా అనుమానం నిజమైంది. కానీ జీవితంలో మొదటిసారి, అది తప్పయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. నేరుగా దవాఖానా పెద్దడాక్టరు గదిలోకి వెళ్లాను.

"సార్, మాకు ఆ మూలనున్న మెషిన్ వద్దు. ఇయ్యాలనే పంపియ్యున్రి," అని చేతులు జోడించాను.

"మీ బస్తీకి వచ్చింది నువ్వే వద్దంటవేంది?"

"రేపు గదే మెషిన్ మీద నా ఇంటామె బతకాలె సార్."

ఆయన నా ముఖం చూసి, పెద్దాసుపత్రికి ఫోన్ చేశాడు. సాయంత్రానికి టెంపో వచ్చింది. నేనే ఆ మెషిన్‌ను వార్డులోంచి గేటు దాకా తోశాను. గేటు దగ్గర బస్తీ వాళ్లు దారికి అడ్డం నిలబడ్డారు.

"ఏం మామా, మన మెషిన్ ఎటు తోలుతున్నవ్? ఏందో గోల్‌మాల్ ఉన్నది!"

అన్నాళ్లూ నమ్మని నన్ను చూసి నవ్వినవాళ్లే, ఇప్పుడు నన్ను దొంగను చూసినట్టు చూశారు. వివరించే ఓపిక లేక, వాళ్లను తోసుకుంటూనే మెషిన్‌ను టెంపో ఎక్కించాను.

"నువ్వెందుకు మామా, నేను జాగ్రత్తగ దించుత," అన్నాడు డ్రైవరు. నేనతన్ని కూడా నమ్మలేదు. వెనకెక్కి, మెషిన్‌ను రెండు చేతులతో పట్టుకుని, పెద్దాసుపత్రి దాకా అలాగే కూర్చున్నాను.