తడి గోనె

లేత్ మీద తిరుగుతున్న చెరకు మిల్లు షాఫ్టు తుపాకీలా పేలింది. దాని మీది పూత పెచ్చుగా లేచి, పక్కనే నిలబడ్డ లేత్ పనివాడు లక్ష్ముడి తొడలో దిగబడింది.

బొబ్బిలి శివారు షెడ్డది. అరిగిన షాఫ్టుల మీద లేజరుతో లోహపు పొడి కరిగించి పూత వేస్తారు. లేజరు నడిపేది ధనరాజ్. ఆ వేడి ఎటు పాకుతుందో, చల్లారాక పూతలో ఎంత బిగువు మిగులుతుందో ముందే కంప్యూటర్లో లెక్కకట్టేది అతని భార్య చెల్లెలు ఎలీసమ్మ. తప్పులు చేస్తూ సొంతంగా నేర్చుకున్న పని. చల్లారే పూత ముడుచుకోబోతుంది, కింది ఇనుము ముడుచుకోనివ్వదు. ఎండలో పెట్టిన డప్పు తోలులా లోపల్లోపలే గుంజుకుంటుంది. ఆ గుంజుడుని పూత తట్టుకుంటుందనే ఆమె లెక్క చెప్పింది.

లక్ష్ముణ్ణి ఆటోలో ఆసుపత్రికి పంపి, అతని అన్న భాస్కర్ వెనక్కొచ్చాడు. వస్తూనే పానాతో ధనరాజ్ దవడ పగలగొట్టినంత పని చేశాడు.

"మా వోడి కాలు తీసేస్తారంటన్నారు! ఏటి పూసినావురా, పేడా?"

"నెక్క పెకారమే సేసినాను," ధనరాజ్ నెత్తురు ఉమ్మి, కంప్యూటర్ ముందున్న ఎలీసమ్మని చూపించాడు. "దాన్నడుగు."

భాస్కర్ అతని మెడ పట్టి రెండో లేత్ దగ్గరికి ఈడ్చాడు. దాని మీద ఇంకో షాఫ్టు బిగించి ఉంది. "ఇదీ నువ్వు పూసిందే కదా? మొకం ఇక్కడెట్టు. తిప్పుతాను."

అప్పుడు చూసింది ఎలీసమ్మ, షాఫ్టు కింద తడి గోనెసంచి.

"బావా, ఈ గోనేటి?"

"ఏడి తియ్యడానికే. మా అయ్య కొలిమి కాడ నాగలి కర్రుకి ఏసేవోడు కాదేటి?"

"రెండిటికీ ఏసినావా?"

"ఏసినాను. గోనె కూడా సెప్పాలేటే నీకు?"

ఆమె లెక్కలో షాఫ్టు గాలికి మెల్లగా చల్లారింది. నీళ్లు తగిలితే ఏమవుతుందో నేర్చుకునే రోజుల్లో ఒకసారి కట్టి చూసింది; అప్పుడు బిగువు హద్దు దాటి, తెర మీద బొమ్మ ఆ కొస నుంచి ఈ కొసకి ఎర్రబడింది.

"తిప్పకు! అదీ పేలుతాది!"

భాస్కర్ బటన్ నొక్కాడు.

ఎలీసమ్మ చేతికందిన ఇనుపకడ్డీతో, బావ మెడ పట్టిన అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. బావని కాలరు పట్టి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడుతుండగానే పూత పేలింది. పెచ్చు ధనరాజ్ చెవి కోసుకుపోయి పైకప్పు రేకుని చీల్చింది. భాస్కర్ ఆ కంతని చూస్తూ కూలబడిపోయాడు.

లక్ష్ముడి కాలు దక్కింది, కుంటు మాత్రం పోలేదు. ఇప్పుడు ఎలీసమ్మ లెక్కకి కూర్చునే ముందు షెడ్డులో నిలబడి, ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో చూస్తుంది. మొన్న అలవాటుగా ధనరాజ్ చెయ్యి గోనె మీదికెళ్లింది. ఆమె పానాతో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"సెయ్యి ఇరిగిపోనాది కదే!"

"ఇరగనీ బావా. సెవి పోనాది సాల్లేదా?"