ఎర్త్ తీగ తెంచనివ్వని నర్సుబాయి అత్త

నిన్న నా దగ్గర గిటార్ నేర్చుకునే అమ్మాయి కొత్త అడాప్టర్ తెచ్చుకుంది. ప్లగ్గులో పెట్టగానే స్పీకర్ గుయ్యిమంది. తీగ మీద వేలైనా పెట్టకముందే గది నిండా ఆ రొద. పెట్టె మీద మాత్రం 'ఏమాత్రం శబ్దం రాదు' అని మెరిసే అక్షరాలతో అచ్చు వేశారు. ఇన్నేళ్లయినా ఆ రొద వింటే నాకు కోపం తన్నుకొస్తుంది. ఆ కోపం నాకు నర్సుబాయి అత్త దగ్గర అబ్బింది.

ఆమె మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, మాలాంటి తెలుగు నేతవాళ్లుండే భవాని పేట్‌లో మగ్గాల మోటార్లకు తీగ చుట్టేది. మాకు చుట్టం కాదు. మా వీధిలో ఉండేది కాబట్టి అత్తా అని పిలిచేవాళ్లం. మా నాన్న పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేసేవాడు, అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. కాలేజీ రోజుల్లో నేను గిటార్ పట్టాను. గిటార్ గొంతు మార్చడానికి కాలితో నొక్కే చిన్న డబ్బాలుంటాయి, పెడల్స్ అంటారు. ఎవరో వాడి అమ్మేసినవి మూడు సంపాదించాను. వాటికి తొమ్మిది వోల్టుల అడాప్టర్ కావాలి. పైగా మామూలు అడాప్టర్ పిన్నులో ప్లస్ ఉండే చోట వీటికి మైనస్ ఉండాలి. ఆ సంగతి నాకు తెలియదు. కొంతం చౌక్‌లో దుకాణం పెట్టుకున్నవాడికైనా తెలియాలి కదా! "చాల్తయ్ తాయీ, అన్నిటికీ చాల్తయ్" అంటూ, దేనికైనా పనికొస్తుందన్నట్టు చేతికందిన అడాప్టర్ నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి తగిలించగానే ఒక పెడల్ కాలిన వాసన వేసి చచ్చిపోయింది. వెనక్కి తీసుకెళ్లి అడిగితే, ఆడపిల్లకు ఈ షోకులెందుకని నవ్వాడు. మరో దుకాణంలో పిన్ను సరిగ్గా ఉన్న అడాప్టర్ దొరికింది. దాంతో మిగిలిన రెండు పెడల్స్ పనిచేశాయి గాని, రొదకు పాటే వినపడలేదు.

అమ్మ నన్ను అత్త దగ్గరికి పంపింది. ఆమె అడాప్టర్‌ను చెవి దగ్గర పెట్టి ఊపింది, తూకం చూసినట్టు అరచేతిలో ఎగరేసింది, స్క్రూడ్రైవర్‌తో దాని పొట్ట చీల్చింది.

"గిది సూడు బిడ్డా. గీ కెపాసిటర్ మిరియం గింజంత లేదు. కరెంటు ఎగిరెగిరి వస్తది, దాన్ని సాపు చేసేది గిదే. గిది సరిగ లేకుంటే ఆ ఎగురుడంత నీ స్పీకర్ల మొత్తుకుంటది. పైన ఏం రాసిండ్రు, లోపల ఏం పెట్టిండ్రు! సిగ్గు లేదు వీళ్లకు."

అప్పటిదాకా తప్పు నాదేననుకున్నాను. నాకు వాయించడం రాదనో, మా వీధి కరెంటే అంతనో సర్దుకున్నాను. మోసపోయానని మొదటిసారి ఆమె చెబితే తెలిసింది.

నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని ఆమె నాకోసం ట్రాన్స్‌ఫార్మర్ చుట్టింది. రెండు పెడల్స్‌కూ వేరువేరు చుట్లు ఎందుకని అడిగాను. "ఒక్క నల్లా కింద ఇద్దరు బిందెలు పెడితే కొట్లాట కాదా? ఎవల నల్లా వాళ్లకుండాలె" అంది. పెద్ద కెపాసిటర్లు వేసి, ఇనుప డబ్బాలో బిగించి, డబ్బాకు ఎర్త్ తీగ కలిపింది. ఆన్ చేశాను. పక్క షెడ్డులో మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"ఆన్ అయిందా అత్తా?"

"లైటు కనవడ్తలేదా? గిట్లుండాలె."

ఆ ఏడాదే నీలం నగర్‌లో ఒక పెళ్లిళ్ల హాల్లో మా పేటల వాళ్ల కార్యక్రమం జరిగింది. నా స్నేహితురాలు పద్మ పాడాలి, నేను వాయించాలి. అక్కడ గిటార్ స్పీకర్‌ను ఒక గోడ మీది ప్లగ్గుకు, హాలు మైకులను ఇంకో గోడ మీది ప్లగ్గుకు తగిలించారు. మళ్లీ రొద మొదలైంది. మైకులు చూసుకునే అతను కుర్చీలోంచి లేవకుండానే, "ఎర్త్‌తోని వస్తది గీ ఆవాజ్. నీ స్పీకర్ ప్లగ్గు మూడో పిన్ను ఇరగ్గొట్టు, బంద్ అయితది" అన్నాడు. పటకారు తెచ్చి విరగ్గొట్టాను. రొద ఆగింది. గొప్పగా అనిపించి, ముందు వరసలో కూర్చున్న అత్తకు విరిగిన పిన్ను చూపించాను.

ఆమె చెప్పులు విడిచి స్టేజీ ఎక్కింది. కొంగున ముడేసిన టెస్టర్ తీసి నా గిటార్ తీగ మీద పెట్టింది. టెస్టర్ ఎర్రగా వెలిగింది, తీగలోకి కరెంటు వస్తోంది. ఆ గిటార్ నా మెడలో ఉంది. రెండడుగుల దూరంలో ఉన్న ఇనుప మైకు దగ్గర నేనూ గొంతు కలపాలి.

"గా మైకుకు నీ నోరు తగిలితే ఏమైతదో ఎరికేనా? ఇయ్యాల సురుక్కుమంటది. రేపు లోపల తీగ తెగి స్పీకర్ డబ్బాకు తగిలితే పీనుగు లేస్తది! ఆవాజ్ బంద్ చేయనీకి పాణం ఇస్తవా పోరీ?" అని నా మీద అరిచి, మైకుల అతని వైపు తిరిగింది. "నువ్వు గీ పోరికి ఏం చెప్పినవో నీకు ఎరికేనా?"

కింద ఎవరో అన్నారు: "జానే దే బాయీ, పోనియ్, కార్యక్రమం ఖరాబ్ చెయ్యకు."

"నా మొగడు పోయినప్పుడు గూడ జానే దే అన్నరు! మగ్గానికి ఎర్త్ తీగ లేకుండె. మాలక్ ఏమన్నడు? చేతులు తడిగుండె అన్నడు. పొడి నూలు పట్టినోని చేతికి తడి ఏడికెళ్లి వస్తది? మీరంత ఇన్నరు. ఒక్కలు అడగలే."

అంతమందిలో ఒక్కరూ తలెత్తలేదు. అత్త కొత్త ప్లగ్గు తెప్పించి వేసింది. గిటార్ స్పీకర్‌నూ మైకుల పెట్టెనూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డుకు కలిపించింది. రొద లేదు, టెస్టర్ వెలగలేదు. ఇంత చిన్న పని! లేచి పది అడుగులు వేస్తే అయ్యే పని. దానికంటే ఒక మనిషి ప్రాణం చౌక అనిపించింది ఆ మైకుల అతనికి. మేము ఆలస్యంగా మొదలుపెట్టి పాడాం. మళ్లీ ఆ నిర్వాహకులు మమ్మల్ని పిలవలేదు.

మర్నాడు అత్త మోటార్లు చుట్టే షాపుకు వెళ్లి, ఈ పని ఎట్లా నేర్చుకున్నావని అడిగాను. "ఎట్ల సచ్చిండో నాకు ఎవలు సరిగ చెప్పలే. మా అన్నకు మోటార్ల దుకాన్ ఉండె. బీడీలు చుట్టుడు ఇడిసిపెట్టి ఆడ కూసున్న. తెల్సుకునేదాక లేవలే" అంది. కరెంటు ఎటు నుంచి ఎటు పోతుందో అర్థమైన రోజు ఇంటికెళ్లి చాలాసేపు ఏడ్చిందట. ఒక్క తీగ ఉంటే ఆయన బతికేవాడు.

ఆ తర్వాత ఆమె షెడ్డుల్లోకి వెళ్లి మోటారు బిగించేటప్పుడు ముందు ఎర్త్ చూసేది. లేకపోతే మోటారు భుజాన వేసుకుని తిరిగొచ్చేది. షెడ్డుల యజమానులు, ఆ మాలకులు, ఆమెకు పని ఇవ్వడం తగ్గించారు. ఆమె మానలేదు. మూడేళ్ల క్రితం ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. చూడటానికి వచ్చిన ఒక మాలక్ "మనిషి మంచిదే, నోరే జర ఎక్కువ" అన్నాడు. ఆయన షెడ్డులో పనిచేసేవాళ్లలో ఆ నోటి వల్ల బతికి ఉన్నవాళ్లు ఎందరో ఆయనకు తెలియదు. నేను పళ్లు బిగపట్టి ఊరుకున్నాను. ఊరుకున్నందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

పోయిన ఏడు వేరే ఊళ్లో ఒక కార్యక్రమానికి వెళ్లాను. స్టేజీ బోర్డుకు ఎర్త్ లేదు. నిర్వాహకులను వేయించమన్నాను. "అందరూ ఇలాగే వాయించారు మేడమ్, మీకొక్కరికే ఇబ్బందా?" అన్నారు. నేను గిటార్ సంచిలో పెట్టేశాను. వాళ్లు మైకు తీసుకుని, కళాకారిణికి ఒంట్లో బాగాలేదని జనానికి చెప్పారు. ఈసారి ఊరుకోలేదు. స్టేజీ అంచుకు వచ్చి, మైకు లేకుండానే, చివరి వరసకు వినపడేలా అరిచాను.

"నాకు ఒంట్లో బాగానే ఉంది. వీళ్ల బోర్డుకు ఎర్త్ లేదు. నా తర్వాత పాడబోయే పిల్లలున్నారు. వాళ్ల అమ్మానాన్నలెవరైనా ఇక్కడుంటే లేచి అడగండి."

వెనక వరసలో ఒకావిడ లేచి నిలబడింది.