గోడవైపు తిరిగే మనిషి

ఇక్బాల్ వేళ్లు కంప్యూటర్ల వెనక తడుముతున్నాయి. పొద్దున గది తెరవగానే ఆయన మొదటి పని, రాత్రి ఎవరైనా కొత్త వైరు తగిలించారేమో చూడటం. తర్వాత కీబోర్డులు తిరగేసి, పాస్‌వర్డ్ చీటీలు అంటించారేమో వెతుకుతాడు. నరసరావుపేట శివార్లలోని ఆ యూనివర్సిటీలో విద్యార్థుల మార్కులన్నీ ఉండే సర్వర్ ఆయన చేతిలోనే ఉంది. పెద్దాఫీసు నుంచి సంతకంతో కాగితం వచ్చినా, ఫోన్ చేసి అడిగాక గానీ పని మొదలుపెట్టడు. పక్కవాళ్లు పాస్‌వర్డ్ కొడుతుంటే మాత్రం గోడవైపు తిరిగి నిలబడతాడు. ఫలితాలు ఇంకో వారంలో వస్తాయనగా, తన కింద పనిచేసే అపర్ణను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"సర్వర్ పాస్‌వర్డ్ మార్చమ్మా. నాకు చెప్పొద్దు."

"ఏంది సార్, ఎవరి మీద అనుమానం?"

"మా అమ్మాయి ఫిర్దౌస్ ఇక్కడ రాసిన లెక్కల పరీక్ష పాడుచేసుకుంది. సరిగ్గా అన్నం కూడా తినట్లా. 'నీ చేతిలో పనే గదా' అంటంది వాళ్లమ్మ. నిన్న కుదరదన్నా. రేపు కూడా అంటానని నమ్మకమేంది?"

"మిమ్మల్ని అనుమానించాలంటే చానా కష్టం సార్."

"అలవాటు చేసుకో."

ఆయన గోడవైపు తిరిగాడు. మీటల చప్పుడు ఆగాక వచ్చి, తన పాత పాస్‌వర్డ్ కొట్టాడు. తెర ఒప్పుకోలేదు. ఈసారి నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. అయినా ఒప్పుకోలేదు. జేబులోంచి గది తాళంచెవి తీసి అపర్ణ చేతిలో పెట్టాడు. బయటికొచ్చి, ఆమె లోపల గడియ పెట్టిన చప్పుడు విన్నాక, తలుపు ఒకసారి గట్టిగా తోసి చూశాడు. తెరుచుకోలేదు.